టర్బో, ఎర్ర పేస్టు, మా నాన్న

మా బస్సుకు ఒక ఈల ఉండేది. నేను చెప్పేది హారను సంగతి కాదు. ఎత్తు రోడ్డు వచ్చినప్పుడు నాన్న గేరు తగ్గించి యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజను రొద కిందనుంచి సన్నగా మొదలై, చెవి దగ్గరికి దోమ వస్తున్నట్టు పెరిగి పెరిగి, గేరు మార్చగానే ఉస్సూరుమంటూ పడిపోయేది. ముందు సీట్లలో కూర్చున్న పిల్లలు దాన్ని నోటితో అనుకరించేవాళ్ళు. నాన్నకు మాత్రం అది నాడి. డ్రైవరు ముందున్న మీటర్లలో సగం పనిచేసేవి కావు కాబట్టి, ఆ ఈల వినే ఇంజను ఎలా ఉందో చెప్పేవాడు.

1994 మోడల్ లేలాండ్ బస్సు అది. ముందువైపు ఆరు సిలిండర్ల హినో రకం ఇంజను, 52 సీట్లు. 2000లో ఒక స్కూలు వాళ్ళు తీసేస్తుంటే నాన్న అప్పు చేసి కొన్నాడు. పెళ్ళిళ్ళు, కార్తీకమాసం వనభోజనాలు, అయ్యప్ప భక్తుల శబరిమల యాత్రలు, తిరుపతి, శ్రీశైలం. ఉన్నది ఒక్కటే బస్సు. ఓనరూ నాన్నే, డ్రైవరూ నాన్నే. క్లీనరుగా ఒక కుర్రవాడు ఉండేవాడు, సెలవుల్లో నేను కూడా. నేను అప్పట్లో విజయవాడలో మెకానికల్ డిప్లొమా చదువుతున్నాను. చేతికి గ్రీజు అంటుకుంటే సబ్బుతో తోముకునే దశ దాటలేదు గాని, ఇంజను గురించి ఎవరైనా మాట్లాడితే మధ్యలో దూరి సరిదిద్దే దశకు మాత్రం వచ్చేశాను.

అంతకుముందు నాన్న పదేళ్ళు నడిపిన కామెట్ లారీకి టర్బో లేదు. ఆ ఇంజను తనకు దొరికిన గాలి తాను పీల్చుకుని బతికేది. ఎక్కుడులో ఏడుస్తూ ఎక్కేది, కానీ ఎక్కేది. ఈ బస్సుకు మాత్రం ఇంజను పక్కన, పొగ బయటికి వచ్చే మానిఫోల్డుకు తగిలించి, పెద్ద నత్తగుల్లలు రెండు వీపులు ఆనించి కూర్చున్నట్టు ఒక సరంజామా ఉండేది. అదే టర్బో, ఆ ఈల దానిదే. ఒక గుల్లలో పొగ తోసే చక్రం, రెండో గుల్లలో గాలి తోసే చక్రం, రెంటికీ కలిపి చిటికెనవేలంత ఇరుసు. బయటికి పోయే పొగ ఊరికే పోకుండా మొదటి చక్రాన్ని తిప్పుతుంది, అది తిరిగితే రెండోది తిరిగి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. గాలి ఎక్కువైతే డీజిలు బాగా కాలుతుంది, బండికి బలం వస్తుంది. 1905లో ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నాడని మా పుస్తకంలో ఉండేది. అది నాన్నకు చెబితే, "పొగ దగ్గర కూడా పని చేయించుకున్నాడంటే పిసినారి అయి ఉంటాడు" అన్నాడు. మన దగ్గర 2000 నుంచి పొగ నిబంధనలు బిగిశాక కొత్త బస్సులన్నింటికీ టర్బో మామూలైపోయింది. అయినా 2002 నాటికి మా పేటలో చిన్న మెకానిక్కులు దాన్ని చూసి కొంచెం దూరం జరిగి నిలబడేవాళ్ళు. చెయ్యి పెడితే పాడవుతుంది, పాడైతే కొత్తది వేయాలి. అంతవరకే తెలుసు వాళ్ళకు.

నేను మాత్రం దూరం జరగలేదు. అసలు కథ అక్కడే ఉంది.

2002 దసరా సెలవుల్లో నేను ఇంటికి వచ్చేసరికి టర్బో కడుపు కింద ఒక చుక్క కనిపించింది. ఇరుసు తిరగడానికి ఇంజనులోంచి ఆయిల్ పెన్సిలంత పైపులో ఒత్తిడితో పైనుంచి వస్తుంది. పని అయ్యాక బొటనవేలంత లావు పైపులో కిందికి దిగి మళ్ళీ ఇంజను అడుగుకు చేరుతుంది. ఆ దిగే పైపును రిటర్న్ పైపు అంటారు. టర్బోకు అది తగిలేచోట రెండు బోల్టులు, మధ్యలో ఒక కాగితం ప్యాకింగ్. ఆ ప్యాకింగ్ ఎండి, అంచున చుక్క చుక్కగా ఆయిల్ ఊరుతోంది. రోజుకు చెంచాడు ఉంటుందేమో. ఆటోనగర్‌లో మా బస్సు చూసే పెద్ద మేస్త్రి అప్పుడు ఏదో శుభకార్యానికి ఊరికి వెళ్ళాడు. ఇంత చిన్న పనికి ఆయన ఎందుకు, నేను లేనా అన్నాను. ఏలూరు రోడ్డులో ఒక దుకాణంలో వేడికి తట్టుకునే ఎర్ర సిలికాన్ పేస్టు, టూత్‌పేస్టు గొట్టంలాంటిది, 40 రూపాయలు పెట్టి కొన్నాను. పాత ప్యాకింగ్ గీకి పారేసి, కొత్తది కత్తిరించే ఓపిక లేక, రెండువైపులా పేస్టు దట్టంగా పూసి బోల్టులు బిగించాను. పక్కలకు ఎర్రగా పొంగిన పేస్టును వేలితో నున్నగా రాశాను కూడా. తెల్లారి చూస్తే చుక్క లేదు. వారం తరువాత కూడా లేదు. నాన్న నలుగురిలో, "మావాడు చేశాడు" అన్నాడు. ఆ మాట నాకు పరీక్షలో వచ్చిన ఫస్టు క్లాసు కన్నా ఎక్కువ అనిపించింది.

సంక్రాంతి దాటాక పొగ మొదలైంది.

మొదట్లో పొద్దున స్టార్టు చేసినప్పుడు మాత్రమే. తరువాత బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి రెండు నిమిషాలు ఆగితే, కదిలేటప్పుడు వెనక నీలం మబ్బు. స్కూటర్ల వాళ్ళు ముక్కు మూసుకుని తిట్టుకుంటూ పోయేవాళ్ళు. నల్ల పొగ అయితే గాలి చాలడం లేదని, నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోందని అందరికీ తెలిసిన లెక్క. తెనాలి పెళ్ళికి వెళ్ళి వచ్చేలోగా లీటరు ఆయిల్ పోయాల్సి వచ్చింది. బలం తగ్గింది. ఈల బొంగురుపోయింది. మెత్తటి గుడ్డ అడ్డంపెట్టి ఊదినట్టు ఉండేది. చిత్రం ఏమిటంటే ఇంజను బయట ఎక్కడా ఆయిల్ చుక్క లేదు. కింద దూరి చూసిన ప్రతివాడూ, "పొడిగా ఉందండీ" అనేవాడు. నేను అతికించిన చోటు అన్నిటికన్నా పొడిగా ఉంది. దాన్ని నేను గర్వంగా చూపించాను కూడా.

2003లో శివరాత్రి మార్చి 1న వచ్చింది. రెండు ట్రిప్పులు శ్రీశైలానికి మాట్లాడుకుని నాన్న బయానా తీసుకున్నాడు. ఏడాదిలో మాకు పెద్ద రాబడి అదే. ఫిబ్రవరి రెండో వారంలో దగ్గర్లోని ఒక షెడ్డు అతను చూసి, "ఇంజను బోరుకొచ్చింది, దించాలి" అన్నాడు, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగిపోయాయని. 40 వేలు, ఇరవై రోజులు. విడిభాగాల దుకాణం ఆయన అసలు బండి దగ్గరికి రాకుండానే, "టర్బో పోయింది, కొత్తది 18 వేలు" అన్నాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని కంచంలో వేలితో లెక్కలు గీస్తూ ఉండిపోయాడు. అమ్మ మజ్జిగ పోస్తూ, "మీ ఆటోనగర్ ఆయన్ని అడగరాదూ" అంది. అప్పటికే ఆయన దగ్గరికి వెళ్ళాల్సింది. పాత బాకీ 1,200 ఉండిపోవడంతో నాన్నకు మొహం చెల్లలేదు.

ఆటోనగర్ ఎరగనివాళ్ళకు దాన్ని వర్ణించడం కష్టం. ఒక వీధి నిండా రేకుల మీద సుత్తి దెబ్బలు, ఇంకో వీధి నిండా వెల్డింగ్ మెరుపులు, మరో వీధిలో లారీలకు పూలు, నెమళ్ళు, ఊరి పేర్లు వేసే పెయింటర్లు. నేల మీద మట్టి ఎక్కడ మొదలవుతుందో, గ్రీజు ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మా మేస్త్రి షెడ్డు ఒక వేపచెట్టు కింద ఉండేది. అరవై దాటిన మనిషి. బక్కగా, తలకు ఎప్పుడూ గళ్ళ తువ్వాలు, చెవిలో ఆరిపోయిన బీడీ ముక్క. నాన్న బస్సు ఆపి దిగుతూనే బాకీ సంగతి ఎత్తబోతే, "బండి కేసు చెప్పు ముందు" అన్నాడు.

నాన్న చెప్పాడు, నేను కూడా చెప్పాను. కంప్రెషన్, క్లియరెన్స్, ఇంకా నాకు వచ్చిన మాటలన్నీ వాడాను. ఆయన విన్నాడు. తరువాత డ్రైవరు పక్కనున్న బానెట్ మూత ఎత్తించి, ఇంజను స్టార్టు చేయించి, ఆయిల్ పోసే మూత విప్పి ఆ నోటి మీద అరచెయ్యి ఆనించాడు. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే పెట్టి ఉంచాడు.

"బోరు పోతే ఇక్కడినుంచి గాలి గుప్పుగుప్పున కొట్టాలి. నా చెయ్యి లేవడం లేదు. ఇంజను దించాలన్నది ఎవరు?"

నాన్న ఎవరో చెప్పబోయాడు. "పేరు వద్దులే" అన్నాడు మేస్త్రి.

ఇంజను ఆపించి, చల్లారేదాకా టీ తెప్పించాడు. తొందర లేదు ఆయనకు. ఆ తరువాత గాలి వచ్చే రబ్బరు గొట్టం ఊడదీసి టర్బో నోట్లో రెండు వేళ్ళు పెట్టాడు. వేళ్ళు పొడిగానే వచ్చాయి. ఆవలి వైపు, ఇంజనుకు గాలి తోసే పైపు ఊడదీస్తే లోపల ఆయిల్ నిలిచి ఉంది, వంచితే అరగ్లాసుడు కారింది. "లోపలికి పోయేది పొడి, బయటికి వచ్చేది తడి. అయితే ఈ ఆయిల్ ఫిల్టరు వైపునుంచి రాలేదు, టర్బో లోపలే పుట్టింది." సైలెన్సరుకు వెళ్ళే పైపు ఊడదీస్తే ఆవైపు చక్రం కూడా నల్లగా, జిగటగా తడిసి ఉంది. ఆ తరువాత చేసిన పనే నాకు ఇప్పటికీ బాగా గుర్తు. మానిఫోల్డును ఒక మూల విప్పి, ఇంజనులోంచి పొగ వచ్చే దారిలో చూపుడువేలు తిప్పి నా ముందు పెట్టాడు. పొడి మసి. కాటుకలాగా.

"ఇంజను ఆయిల్ తాగుతుంటే ముందు ఇక్కడ తడవాలి కదా, బాబూ. ఇంజను గుమ్మం పొడిగా ఉంది. టర్బో రెండు గుమ్మాలూ తడిగా ఉన్నాయి. ఇప్పుడు చెప్పు."

"అయితే టర్బో సీళ్ళు పోయాయి, మేస్త్రి గారూ" అన్నాను.

ఆయన నవ్వాడు. చక్రం నడుమనున్న నట్టును రెండు వేళ్ళతో పట్టుకుని, నా చేత కూడా పట్టించాడు. లోపలికి, బయటికి లాగించాడు. కదలలేదు. పైకి, కిందికి ఆడించమన్నాడు. వెంట్రుకవాసి ఆడింది. నేను గాభరాపడితే, అది ఉండాల్సిందే అన్నాడు. ఆ ఇరుసుకు బాల్ బేరింగులు లేవు, ఇత్తడి బుష్షుల్లో, అంటే గొట్టం ముక్కల్లాంటి తొడుగుల్లో ఉంటుంది. బుష్షుకు లోపల ఆయిల్ పొర, బయట ఆయిల్ పొర. తిరిగేటప్పుడు ఇరుసు ఆయిల్ మీద తేలుతుంది. ఇంజను ఎంత గట్టిగా తిరిగినా నిమిషానికి మూడు వేల చుట్లు దాటదు. ఇది లక్షకు దగ్గరగా తిరుగుతుంది. ఆ వేగంలో లోహానికి లోహం తగిలితే క్షణాల్లో భస్మం. ముందుకు వెనక్కు కదిలితే మాత్రం పని అయిపోయినట్టే, చక్రం గుల్లను గీకుతుంది. రెక్కల అంచులు, గుల్ల గోడ టార్చిలైటు వేసి చూపించాడు. ఎక్కడా గీత లేదు.

ఇక సీళ్ళ సంగతి. మా పుస్తకంలో బొమ్మ చూసి నేను రబ్బరు సీలు లాంటిదేదో ఉంటుందనుకున్నాను. ఆ వేడికి రబ్బరు ఎక్కడ ఆగుతుంది? పిస్టను రింగు లాంటి సన్నటి ఇనుప రింగు చెరో వైపు ఒకటి ఉంటుంది, అంతే. ఆయిల్‌ను నిజానికి ఆపేది అవతలనుంచి నెట్టే గాలి, పొగ. ఇవతల ఆయిల్ ఎప్పటికప్పుడు కిందికి జారిపోతూ ఉండాలి. జారకుండా నిలిచిందంటే ఆ రింగులు దాన్ని ఆపలేవు. మేస్త్రి ఇదంతా ఇంత వివరంగా చెప్పలేదు. "వాన నీళ్ళకు తూము ఉండాలి. తూము మూసుకుంటే నీళ్ళు గడప దాటి ఇంట్లోకి రావా?" అన్నాడు. మిగతాది నేను తరువాత చదువుకున్నాను.

అంతా మళ్ళీ తగిలించాక, రిటర్న్ పైపు కింది కొసన రబ్బరు గొట్టం క్లిప్పు వదులు చేసి, ఇంజను వైపు రంధ్రంలో గుడ్డ కుక్కి, గొట్టాన్ని ఒక డాల్డా డబ్బాలోకి వంచాడు. నాన్న స్టార్టు చేశాడు. ఆ పైపులోంచి ఆయిల్ మజ్జిగ వంచినట్టు నురగతో ధార కట్టాలట. మేము చూస్తూ ఉన్నాం. జలుబు చేసిన ముక్కులా ఒక బొట్టు, కాసేపటికి ఇంకో బొట్టు. వెనక సైలెన్సరులోంచి మాత్రం నీలం పొగ వేపచెట్టు కొమ్మల దాకా లేచింది.

"ఆపు" అన్నాడు మేస్త్రి. నాన్నను బీడీల కట్ట తెమ్మని వీధి చివరికి పంపించాడు.

పైపు పై కొస బోల్టులు పన్నెండు నంబరు పానాతో నా చేతే విప్పించాడు. అతుక్కుపోయి ఉంటే చెక్క ముక్క ఆనించి చిన్న దెబ్బ వేశాడు. ఊడి వచ్చింది. పైపు నోట్లోకి టార్చి వేస్తే, అంచు చుట్టూ ఎర్రటి వలయం, దాన్నుంచి లోపలికి వేలాడుతూ ఎర్రటి నాలుక. దాని వెనక ఎండిన ఆయిల్ మడ్డి తారులా గడ్డకట్టి ఉంది. మధ్యలో అగ్గిపుల్ల పట్టేంత సందు మాత్రం మిగిలింది. దసరాకు నేను దట్టంగా పూసిన పేస్టు. బయటికి పొంగినంతా లోపలికీ పొంగింది. బయటిది వేలితో నున్నగా రాశాను, లోపలిది నాకు కనిపించలేదు.

మేస్త్రి దాన్ని స్క్రూడ్రైవరు కొసతో గీకి తీసి, నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ముడిచాడు. చిన్నపిల్లలకు తాయిలం పెట్టినట్టు. చెవులు వేడెక్కడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. ఎవరు పూశారని ఆయన అడగలేదు. నా మొహం చూశాక అడగాల్సిన పని లేకపోయింది. నాన్న బీడీలతో వచ్చేసరికి, "రిటర్న్ పైపు మూసుకుంది. పాత బండి కదా, మడ్డి" అన్నాడు. నా గుప్పిట జేబులోకి పోయింది.

ఆ తరువాత రెండు రోజులు నా చేత చాకిరీ చేయించాడు. తిట్టడం కన్నా అదే నయం అనుకున్నాడో, నాకు పని రావాలనుకున్నాడో. మూడు గంటలు రిటర్న్ పైపు ఒక్కటే కడిగించాడు. కిరోసిన్ పోసి, సైకిల్ చువ్వకు గుడ్డ చుట్టి, అటునుంచి చూస్తే ఇటు ఆకాశం గుండ్రంగా కనిపించేదాకా. ఇంజను ఊపిరి తీసుకునే బ్రీదర్ గొట్టం కూడా విప్పించి ఊదించాడు. అది మూసుకున్నా లోపలి గాలి అడుగునుంచి ఎగదన్ని టర్బో ఆయిల్‌ను దిగనివ్వదట. గాలి ఫిల్టరు దులిపించాడు. అది దుమ్ముతో మూసుకుపోతే టర్బో అటువైపు ఆయిల్‌ను నోటితో పీల్చినట్టు పీల్చుకుంటుందట. ఒకే జబ్బు లక్షణానికి ఇన్ని కారణాలు ఉంటే, 18 వేల వస్తువు ఒక్కటే ఎందుకు అందరికీ ముందు కనిపించిందో.

టర్బో దించాల్సిందే, లోపల మడ్డి పట్టింది కాబట్టి. మానిఫోల్డుకు పట్టి ఉన్న నాలుగు స్టడ్డుల (తల లేని బోల్టుల) నట్లకు ముందురోజు రాత్రే కిరోసిన్ పోసి నానబెట్టాం. మూడు వచ్చాయి. నాలుగోది ఠంగుమని విరిగింది. విరిగిన మొండెం మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి, ఎర్రగా ఉండగానే పానా వేసి తిప్పితే వెన్నలా తిరిగి వచ్చింది. గుల్లలు విప్పేముందు వాటి అంచుల మీద ఉలితో చిన్న గీత పెట్టాడు, మళ్ళీ అదే వాటంలో కూర్చోవాలని. చక్రం నడుమ నట్టు దగ్గరికి నేను పానా తీసుకువెళితే చెయ్యి పట్టుకున్నాడు. "దాని జోలికి పోకు. తూకం వేసి బిగించినది. అది కదిలితే మద్రాసు పంపాలి." ఇరుసు పెట్టెను కిరోసిన్‌లో నానబెట్టి, పై రంధ్రంలోంచి పోస్తూ కింది రంధ్రంలోంచి మడ్డి దింపాం. పది, పదిహేను సార్లు. నల్ల ముక్కలు, తరువాత నల్ల నీళ్ళు, తరువాత టీ రంగు, చివరికి తేట. ఇనుప ముక్క తగలనివ్వలేదు, వెదురు పుల్లతోనే గీకించాడు.

పైనుంచి ఆయిల్ వచ్చే పైపుకు రాగి వాషర్లు ఉంటాయి. కొత్తవి కొందామంటే వద్దన్నాడు. పాతవాటిని గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి చన్నీళ్ళలో వేశాడు. చుయ్యిమన్నాయి. "ఇలా వేస్తే గట్టిపడతాయి కదా" అన్నాను, మా పాఠంలో ఉక్కుకు అలాగే ఉంది. "వంచి చూడు" అన్నాడు. ఆకులా వంగింది. రాగి ఉక్కులా కాదు, కాలిస్తే మెత్తబడుతుంది. మెత్తబడితేనే రెండు మొహాల మధ్య అణిగి ఆయిల్‌ను ఆపుతుంది. మా పాఠంలో అది కూడా ఉందని తరువాత చూసుకున్నాను, నేనే ఆ పేజీ దాటేశాను.

ఇక ప్యాకింగ్. మందపాటి ప్యాకింగ్ కాగితం ముక్కను రిటర్న్ పైపు మొహం మీద పెట్టి, గుండ్రటి తలకాయ సుత్తి ఇచ్చాడు. అంచుల వెంబడి చిన్నగా తడుతూ పోతే కాగితం దానంతట అదే ఇనుము అంచున తెగుతుంది. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే నలుగుతుంది గాని తెగదు. మొదటిది చింపాను. రెండోదాంట్లో బోల్టు రంధ్రం గాడి తప్పింది. మూడోది ఆయన ఎండకు పట్టుకుని చూసి, నడుమ రంధ్రం అంచున వేలాడుతున్న సన్నటి నూగును గోటితో గిల్లేసి, "పెట్టు" అన్నాడు. పేస్టు ఊసు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదేమో.

బిగించాక వెంటనే స్టార్టు చేయనివ్వలేదు. పై రంధ్రంలో చిన్న గ్లాసుడు ఆయిల్ పోసి, చక్రాన్ని వేలితో తిప్పించాడు. డీజిలు ఆగేలా స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని ఇంజనును సెల్ఫ్ మీద తిప్పించాడు. రిటర్న్ గొట్టంలోంచి ధార కనిపించేదాకా. పొడి ఇరుసు ఒక్కసారి లేచి తిరిగిందంటే ఇంతసేపూ చేసినదంతా గంగపాలు.

స్టార్టు చేస్తే మళ్ళీ నీలం పొగ! నాన్న మొహం పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు. మేస్త్రి మాత్రం చెవిలోని బీడీ తీసి వెలిగించుకున్నాడు. "సైలెన్సరు నెల రోజులు తాగింది. కక్కనివ్వండి." గన్నవరం వైపు పోనిమ్మన్నాడు. రామవరప్పాడు దాటాం, పొగ. ఎనికేపాడు, పొగ. నిడమానూరు దగ్గర పలచబడింది. కేసరపల్లి వచ్చేసరికి అద్దంలో వెనక రోడ్డు కనిపించింది. గన్నవరంలో బస్సు తిప్పుకుని వస్తూ ఖాళీ రోడ్డులో నాన్న ఒక్కసారి అదిమి తొక్కాడు. ఈల లేచింది. గుడ్డ తీసేసిన గొంతు. నాన్న ఏమీ అనలేదు, స్టీరింగు మీద వేళ్ళతో రెండుసార్లు తట్టాడంతే.

షెడ్డుకు రాగానే నాన్న తాళం తిప్పబోతే మేస్త్రి కిందనుంచే అరిచాడు. దూరం నుంచి వచ్చిన బండిని ఆపగానే ఇంజను కట్టేయకూడదు. టర్బో ఇంకా తిరుగుతూనే ఉంటుంది, ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది. ఇంజను ఆగితే ఆయిల్ ఆగుతుంది, లోపల మిగిలినది మాడి మడ్డి అవుతుంది. "ఒక బీడీ కాలేసేపు వదిలేయండి" అన్నాడు. నాన్నకు బీడీ అలవాటు లేదు. అప్పటినుంచి బస్సు ఎక్కడ ఆపినా కిళ్ళీ నోట్లో వేసుకుని, అది నమిలి ఉమ్మాకే తాళం తిప్పేవాడు. మా అమ్మ దృష్టిలో ఆ టర్బో వల్ల జరిగిన నష్టం అదొక్కటే.

ఆయిల్ ఖర్చు పోను 650 అయింది. సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసి ఇచ్చాడు. స్టడ్డు ఒకటి, వెల్డింగు, ప్యాకింగ్ కాగితం, కూలీ. ప్యాకింగ్ దగ్గర మూడు అని రాసి ఉంది. రెండు నేను చింపినవి. నాన్న పాత బాకీతో కలిపి ఇవ్వబోతే, శివరాత్రి అయ్యాక చూద్దాం అన్నాడు.

శివరాత్రికి రెండు రోజుల ముందు మొదటి ట్రిప్పు. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ దాటి, దోర్నాల చేరేసరికి చీకటి పడుతోంది. అక్కడినుంచి నల్లమల ఘాటు మొదలు. ఎక్కేముందు టీ కోసం ఆపాం. భక్తులు దిగి అటూ ఇటూ చెదిరారు. నాన్న కిళ్ళీ నములుతూ బస్సు పక్కన నిలబడ్డాడు, ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. పది రోజులుగా జేబులో మోస్తున్న ఆ ఎర్ర ముక్కను తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడ దొరికిందో చెప్పాను. ఎలా చేరిందో కూడా చెప్పాను.

నాన్న దాన్ని హెడ్‌లైటు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. సాగదీసి చూశాడు. తెగలేదు.

"ఎంత పెట్టి కొన్నావు?"

"నలభై."

"గొట్టం అంతా అయిపోయిందా?"

"లేదు, సగం ఉంది."

"ఇంటికి వెళ్ళాక మూడో కిటికీ అద్దానికి పూయి. ఘాటులో గలగలమని ప్రాణం తీస్తోంది" అని కిళ్ళీ ఉమ్మి, లోపలికి ఎక్కి, రమ్మన్నట్టు హారను కొట్టాడు. టీ దుకాణం దగ్గరినుంచి భక్తులు పరిగెత్తుకుంటూ వచ్చారు.

పూశాను. 2009లో బస్సు అమ్మేదాకా ఆ అద్దం మళ్ళీ చప్పుడు చేయలేదు.